నడిగడ్డ బొమ్మల బడి

క్యారెక్టర్‌ డిజైన్‌ నేర్చుకోవాలనుకునే విద్యార్థికి అలంపూర్‌లో పదమూడు శతాబ్దాల నాటి పాఠశాల ఒకటి తెరిచే ఉంది. పెన్‌ టాబ్లెట్‌ తర్వాతైనా కొనుక్కోవచ్చు.

అలంపూర్‌ స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మూలల్లో దిక్పాలకులు కొలువై ఉంటారు. దున్నపోతు మీద కూర్చున్నది ఎవరో కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డ పిల్లలకు చెప్పనక్కర్లేదు, యముడు. పొట్టేలు వాహనమైతే అగ్ని. మకరం మీద ఉంటే వరుణుడు, మనిషినే వాహనం చేసుకుంటే నిరృతి, జింకనెక్కితే వాయువు. అందరూ దేవతలే. అందరికీ ఆభరణాలే, అందరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఎండకూ వానకూ ముక్కూ మొహం అరిగిన చోట కూడా ఒకరిని చూసి ఇంకొకరని పొరబడం. చాళుక్య శిల్పి తేడాను కనుముక్కు తీరుకే వదిలేయలేదు. ఎక్కిన జంతువులో, కూర్చున్న పద్ధతిలో, చేతపట్టిన ఆయుధంలో, ఒంటి బరువు ఏ తుంటి మీద వాలిందన్న దాంట్లో పెట్టాడు.

హైదరాబాద్‌ యానిమేషన్‌ స్టూడియోల్లో, గేమ్‌ కంపెనీల్లో ఈ పనినే క్యారెక్టర్‌ డిజైన్‌ అంటున్నారు. కథలోని మనిషి ఎలాంటివాడో, ఏ ఊరివాడో, ఇంకాసేపట్లో ఏం చేయబోతున్నాడో నోరు విప్పకముందే చూసేవాళ్లకు తెలిసిపోయేలా అతని రూపాన్ని తేల్చడం. అందమైన బొమ్మ గీయడం వేరు, పాత్రను పుట్టించడం వేరు. మొదటిదానికి చేయి తిరిగితే చాలు. రెండోదానికి ప్రతి గీత వెనకా ఒక నిర్ణయం ఉండాలి. ఈ మనిషి భుజాలు ఎందుకు వంగాయి? చొక్కా గుండీ ఎందుకు ఊడింది? జుట్టు ఎవరు దువ్వారు?

అలంపూర్‌లోనో మానవపాడులోనో గద్వాలలోనో పదో తరగతి, ఇంటర్‌ చదువుతూ రాత్రిళ్లు ఫోన్‌ మీద బొమ్మలు గీసుకునే పిల్లలు ఇవాళ చాలామంది. తాము అన్నిటికీ దూరంగా పడిపోయామన్న బెంగ వాళ్లను పీడిస్తుంటుంది. హైదరాబాద్‌ దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం. దగ్గర్లో ఆర్ట్‌ కాలేజీ లేదు. మంచి కంప్యూటర్‌ ఇంట్లో ఉండదు. ఆ బెంగ నిజమైనదే, కొట్టిపారేయడానికి లేదు. అయితే ఈ విద్యలో అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడేది చూపు. ఏది గమనించాలో, ఏది వదిలేయాలో కంటికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఆ చూపు నేర్పే బడి మాత్రం వాళ్ల నడిగడ్డలోనే ఉంది. దాన్ని బడిగా చూడమని వాళ్లకు చెప్పినవాళ్లే తక్కువ.

గోడలే బోర్డులు

కృష్ణా తుంగభద్రలు కలిసే చోటుకు కాస్త ఎగువన, తుంగభద్ర ఎడమ గట్టున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో అలంపూర్‌లో తొమ్మిది గుళ్లు కట్టించారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మ ఆలయాలు. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివుడి గుళ్లే. స్వర్గబ్రహ్మ ఆలయం 681 నుంచి 696 వరకు ఏలిన వినయాదిత్యుడి కాలం నాటిది. ఈ ఊరి శాసనాలనూ శిల్పాలనూ తెలుగు పాఠకులకు దగ్గర చేసిన గడియారం రామకృష్ణ శర్మ ఇక్కడే జీవితం గడిపారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. చరిత్ర కావాల్సినవాళ్లు ఆయన రాతల దగ్గరికి వెళ్లాలి. బొమ్మలు గీసేవాళ్లకు కావాల్సింది గోడ దగ్గర నిలబడే ఓపిక.

ఆకాశంలో ఎగిరే గంధర్వ జంటల్ని తీసుకోండి. చాళుక్య శిల్పంలో అవి తరచూ కనిపిస్తాయి. వాళ్లకు రెక్కలుండవు. ఉన్నది రాయి, అది గోడకు అతుక్కుని ఉంది. అయినా ఎగురుతున్నారని కన్ను నమ్ముతుంది. దగ్గరికెళ్లి చూస్తే కిటుకు కాళ్లలో దొరుకుతుంది. మోకాళ్లు మడిచి పాదాలను వెనక్కి విసిరినట్టు ఉంటాయి. నేల మీద నిలబడే మనిషి కాళ్లు అలా ఉండే వీల్లేదు. నడుము ముందుకు సాగుతుంది, గాలికి ఉత్తరీయం వెనక్కి ఆడుతుంది. తల నుంచి పాదం దాకా ఒకే విల్లు వంపు. ఇవాళ్టి యానిమేషన్‌ గురువులు పాఠం మొదలుపెట్టేదే ఈ వంపుతో. దాన్ని లైన్‌ ఆఫ్‌ యాక్షన్‌ అంటారు. డిస్నీలో దశాబ్దాలు పనిచేసిన ఫ్రాంక్‌ థామస్, ఓలీ జాన్‌స్టన్‌ 1981లో ‘ది ఇల్యూజన్‌ ఆఫ్‌ లైఫ్‌’ అనే పుస్తకంలో యానిమేషన్‌కు పన్నెండు సూత్రాలు రాసిపెట్టారు. అందులో ఒకటి, శరీరంలోని ప్రధాన కదలిక వెనకే బట్టలూ జుట్టూ కొద్దిగా ఆలస్యంగా కదులుతాయన్నది. గంధర్వుడి ఉత్తరీయం చేస్తున్నది అదే పని.

జోగులాంబ అమ్మవారి రూపం ఇంకో పెద్ద పాఠం. పాత గుడి ధ్వంసమయ్యాక అమ్మవారి విగ్రహం చాలాకాలం బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంది. 2005లో కొత్త ఆలయం కట్టాక అక్కడికి చేరింది. అమ్మవారి జటల్లో కపాలం, తేలు, బల్లి. ఉగ్రరూపమని చెప్పడానికి కోరలూ నెత్తురూ కుప్పపోయలేదు. ఇళ్లలో జనం రోజూ చూసి జంకే చిన్న ప్రాణుల్ని తెచ్చి జుట్టులో పెట్టారు. భక్తితో దండం పెట్టుకున్న పిల్లలే ఒక్క నిమిషం ఆగి ఆ ఎంపికను గమనిస్తే, భయాన్ని బొమ్మలో ఎలా పుట్టిస్తారో ఎవరూ మర్చిపోలేని పద్ధతిలో తెలుస్తుంది.

పురావస్తు శాఖ మ్యూజియంలో లజ్జాగౌరి విగ్రహం ఉంది. తల ఉండాల్సిన చోట పద్మం. సృష్టికి మూలమైన తల్లిని చూపడానికి ఆ శిల్పికి కన్నూ ముక్కూ అవసరం రాలేదు. కళ్లు పెద్దవి చేస్తే పాత్ర అయిపోయిందనుకునే కొత్తవాళ్లు ఆ విగ్రహం ముందు కాసేపు నిలబడాలి.

ఇక్కడ ఒక సాధన. నోటు పుస్తకం తీసి ఒక దిక్పాలకుడి చుట్టుగీత మాత్రమే గీయండి. లోపల ఏ వివరమూ వేయకుండా మొత్తం నల్లగా నింపేయండి. ఆ నల్లటి ఆకారాన్ని ఇంట్లో చెల్లికి చూపించి ఎవరో పోల్చమనండి. పోల్చితే డిజైన్‌ నిలబడినట్టే. స్టూడియోల్లో సిలౌట్‌ పరీక్ష అంటే ఇదే. ఒక పాత్రకు పాతికా ముప్పై నల్ల ఆకారాలు గీసి, అందులోంచి ఒకటి ఎంచుకున్నాకే మొహం దాకా వెళ్తారు. మన పిల్లలు మొహంతో మొదలుపెట్టి మొహం దగ్గరే అలసిపోతున్నారు. కాళ్లు గీయడం రాక పాత్రల్ని నడుము దాకా కోసేస్తున్నారు. చేతులు రాక జేబుల్లో దాచేస్తున్నారు.

హంసుడు, శశకుడు

పాత్రల కొలతల గురించి మన పాత శాస్త్రాలు ఎంత తేటగా మాట్లాడాయో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో చిత్రసూత్రం అనే భాగం ఉంది. అది పురుషుల్ని ఐదు రకాలుగా విడదీస్తుంది. హంసుడు 108 అంగుళాలు, భద్రుడు 106, మాలవ్యుడు 104, రుచకుడు 100, శశకుడు 90. ఎవరి వేళ్ల కొలత వాళ్లకే కాబట్టి ఇవి నిష్పత్తులు. మొహం పొడవు పన్నెండు అంగుళాలనుకుంటే దాన్ని ఒక తాళం అంటారు. 108 అంగుళాలంటే తొమ్మిది తాళాలు.

ఇవాళ్టి డ్రాయింగ్‌ క్లాసులో ఇదే లెక్కను తలల్లో చెబుతారు. మామూలు మనిషి ఏడున్నర తలల ఎత్తు. కామిక్స్‌లో వీరుణ్ని ఎనిమిది దాటిస్తారు. చిన్నపిల్లల కార్టూన్లలో రెండు మూడు తలలకే పాత్రను ముగిస్తారు. తల పెద్దదై ఒళ్లు చిన్నదైన కొద్దీ పసితనం కనిపిస్తుంది, చూసేవాళ్లకు దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. ఎన్ని తలలన్నది తేలకుండా పాత్రను మొదలుపెడితే ప్రతి పేజీలో దాని ఎత్తు మారిపోతుంది. సొంతంగా కామిక్‌ మొదలుపెట్టి నాలుగో పేజీలో వదిలేసిన విద్యార్థుల పుస్తకాలు తిరగేస్తే ఆగిపోయిన కారణం చాలాసార్లు ఇదే.

అంతకన్నా విలువైనది ఆ గ్రంథం చెప్పిన తొమ్మిది స్థానాల సంగతి. ఒకే మనిషిని ఎదురుగా చూస్తే ఋజ్వాగతం, పక్క నుంచి చూస్తే పార్శ్వాగతం, వీపు వైపు నుంచి పృష్ఠాగతం. వాటి మధ్య ఓరగా తిరిగిన భంగిమలకు వేరే పేర్లు. ఒళ్లు తిరిగిన కొద్దీ ఏ భాగం కుదించుకుపోతుందో, ఏది విస్తరిస్తుందో చెప్పే సూత్రాన్ని క్షయవృద్ధి అన్నారు. యానిమేషన్‌ కంపెనీలో చేరిన కొత్త కుర్రాడి చేత ముందు చేయించే పని టర్న్‌అరౌండ్‌ షీట్‌. ఒకే పాత్రను ముందు, మూడొంతులు, పక్క, వెనక వైపుల నుంచి ఒకే ఎత్తు గీతల మధ్య గీయాలి. ముందు నుంచి కనిపించిన జేబు పక్క నుంచి ఎక్కడికి జరుగుతుంది? జడ వెనక ఎక్కడ మొదలవుతుంది? ఈ షీట్‌ సరిగ్గా ఉంటేనే త్రీడీ మోడల్‌ చేసే మనిషికి పని నడుస్తుంది. ఈ పనికి మన దగ్గర పేర్లు ముందునుంచీ ఉన్నాయి. వాటిని డ్రాయింగ్‌ పాఠంలోకి తెచ్చుకోకపోవడమే లోటు.

గద్వాల మగ్గం దగ్గర పిక్సెల్‌

డిజిటల్‌ అనగానే ఎక్కడో పుట్టిన వింత అనుకుంటాం. గద్వాలలో చీరకు బుటా వేసే మనిషి గ్రాఫ్‌ కాగితం మీద చేసే పని చూడండి. నిలువు గళ్లు పడుగు పోగులు, అడ్డం గళ్లు పేక పోగులు. ఒక్కో గడి నింపాలి, లేదా వదిలేయాలి, మధ్యే మార్గం లేదు. నింపిన గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు జకార్డు యంత్రం మీద తిరుగుతుంటే ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో మగ్గానికి తెలుస్తుంది.

నెమలి మెడ వంపును గళ్లలోకి దించడమే అసలు పని. వంపు నున్నగా ఉంటుంది, గళ్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. మెట్లు అన్నీ ఒకే పొడవుంటే మెడ కర్రలా నిలబడుతుంది. మూడు గళ్లు, రెండు, రెండు, ఒకటి, మళ్లీ ఒకటి అన్న వరసలో మెట్లను తగ్గించుకుంటూ వస్తే దూరం నుంచి వంపు కనిపిస్తుంది. ఒక్క గడి ఎక్కువైతే మెడకు గంటు పడ్డట్టు ఉంటుంది. చీర మొత్తం మీద ఆ గంటు ప్రతి నెమలికీ పడుతుంది. పిక్సెల్‌ ఆర్ట్‌ నేర్పే మాస్టర్లు గేమ్‌ పాత్రలు గీసేవాళ్లకు చెప్పేది అచ్చంగా ఇదే లెక్క.

ఈ చుట్టరికం ఊహ కాదు. జోసెఫ్‌ మరీ జకార్డ్‌ ఫ్రాన్స్‌లో 1804లో తెచ్చిన ఈ అట్టల పద్ధతి చూసే, చార్లెస్‌ బాబేజ్‌ తన లెక్కల యంత్రానికి అట్టలతో ఆదేశాలివ్వాలనుకున్నాడు. కంప్యూటర్‌ చరిత్ర చెప్పేవాళ్లు మగ్గాన్ని తలవకుండా ముందుకు పోలేరు. నూలు ఒంటికి పట్టు అంచును నేతలోనే కలిపే గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలు డిజిటల్‌ ఇలస్ట్రేషన్‌కు కొత్తవాళ్లమని వెనకాడితే చూస్తూ ఊరుకోబుద్ధి కాదు. గళ్లలో ఆలోచించడం వాళ్ల ఇంటి విద్య.

ఇంకో రకం బొమ్మా ఉంది. గళ్లతో సంబంధం లేకుండా, బిందువులనూ వాటి మధ్య వంపులనూ గణితంగా గుర్తుపెట్టుకునే వెక్టర్‌ బొమ్మ. ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోలో పియర్‌ బెజియే కారు ఒంటి వంపుల కోసం వాడిన గీతలే ఇప్పుడు ప్రతి వెక్టర్‌ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉన్నాయి. గోడంత పెద్దది చేసినా అంచు పగలదు. లోగోలకూ అక్షరాలకూ అది బాగు. రంగు కలిసిపోతూ, కుంచె జాడ కనిపించాల్సిన బొమ్మకు గళ్ల పద్ధతే నయం.

చేతిలో ఏముండాలి

తల్లిదండ్రులు మొదట అడిగేది ఖర్చు. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది పెన్సిలు, తెల్లకాగితాల కట్ట, ఇంట్లో ఉన్న ఫోన్‌ చాలు. ఫోన్‌లో ఐబిస్‌పెయింట్‌ లాంటి యాప్‌తో వేలితోనే రంగులు వేయడం నేర్చుకోవచ్చు. మామూలు కంప్యూటర్‌ దొరికితే క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌ ఉచితం. వృత్తి చిత్రకారులు కూడా వాడతారు, నెలనెలా చందా అక్కర్లేదు. తెర లేని పెన్‌ టాబ్లెట్‌ కొన్ని వేల రూపాయల్లో వస్తుంది. చవక రకాల్లోనూ పెన్ను ఒత్తిడిని 8192 స్థాయిల్లో పట్టుకునేవి ఉన్నాయి. అంటే ఒకే గీతలో సన్నం, లావు రెండూ పలుకుతాయి. చేయి బల్ల మీద, చూపు తెర మీద ఉండటం కొన్ని వారాలు చికాకు పెడుతుంది. అందరికీ పెడుతుంది. ఆ వారాల్లోనే ‘నాకు రాదు’ అని పక్కన పెట్టేసేవాళ్లు ఎక్కువ. అక్కడ ఆగకూడదు.

ఇక లేయర్లు. 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో ఇవి 1994 నాటి మూడో వెర్షన్‌తో చేరాయి. చిత్తు గీత ఒక పొర, శుభ్రమైన గీత ఇంకో పొర, రంగు మరోటి, నీడ మరోటి. చొక్కా రంగు నచ్చకపోతే గీత చెడకుండా మార్చుకోవచ్చు. దీంతోపాటే ఒక ఉచ్చు వచ్చింది. తప్పు గీతను వెనక్కి తీసుకునే మీట. ఆ మీట అలవాటైన చేయి ఒక్క గీతనూ నమ్మకంగా లాగదు, వంద ముక్కలుగా గీకుతుంది. అందుకే రోజూ కొంతసేపు రబ్బరు ముట్టకుండా పెన్నుతో కాగితం మీద గీయాలి. బస్టాండులో, సంతలో, గుడి మెట్ల దగ్గర కదిలే మనుషుల్ని అర నిమిషంలో పట్టుకోవడానికి ప్రయత్నించాలి. సగం బొమ్మలు చెడతాయి. చెడిన వాటిలోనే భుజం ఎలా వాలిందో చేతికి తెలుస్తుంది.

అచ్చుకు పంపే బొమ్మ విషయంలో రెండు సంగతులు మొదట్నుంచీ అలవాటు చేసుకోవాలి. ఏ4 పేజీ నిండా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన బొమ్మ 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. ఫోన్‌ తెరకు సరిపోయిన బొమ్మ అచ్చులో మసకబారుతుంది. రెండోది, తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాగితం మీద సిరాతో. తెర మీద మెరిసిన నీలం, చిలకాకుపచ్చ అచ్చులో చల్లబడతాయి.

బడికి వెళ్లకుండానే దొరికే గురువులు

తెలుగు పిల్లలకు పాత్ర రూపం నేర్పిన అతిపెద్ద పాఠ్యపుస్తకం చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి చేతబట్టి నడిచొచ్చే విక్రమార్కుడి బొమ్మ గీసింది శంకర్‌, అసలు పేరు కె.సి. శివశంకరన్‌. తొంభై దాటిన వయసులో 2020లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఒక్క బొమ్మలో రాజు నడుము నిటారుగా ఉంటుంది, శవం బరువుకు వంగదు. మొండితనం అక్కడుంది. అదే రాజు కాస్త వంగి ఉంటే కథ మారిపోయేది. పాత చందమామలు ఇంట్లో ఉంటే శంకర్‌ బొమ్మల్నీ, చిత్రా అనే మరో చిత్రకారుడి బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే రకం కథకు ఇద్దరి గీత ఎంత వేరుగా పలుకుతుందో తెలుస్తుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య నీటిరంగుల్లో వెలుగు ఎటు నుంచి పడుతోందో ఎప్పుడూ మర్చిపోలేదు. డిజిటల్‌లో రంగులు నేర్చుకునేవాళ్లు ఆయన గీసిన చందమామ ముఖచిత్రమొకటి తెరిచి, నీడ ఉన్న చోట నలుపు వాడారో వేరే రంగు వాడారో ఒక్కో చోటా పరీక్షించి చూడాలి.

బాపు గీసిన బుడుగును తెలుగువాళ్లు మర్చిపోలేరు. ముళ్లపూడి వెంకటరమణ మాటల్లో ఉన్న అల్లరిని బాపు ఎన్ని తక్కువ గీతల్లో పెట్టారో లెక్కపెట్టి చూడాలి. సీగానపెసూనాంబ పక్కన బుడుగు, నాన్న గోపాలం పక్కన బుడుగు. మనుషులు మారినప్పుడు వాడి నిలబడే తీరూ మారుతుంది. క్యారెక్టర్‌ డిజైన్‌లో ఒక పాత్రను ఒంటరిగా తయారుచేయరు. ఒకరి పక్కన ఒకరు నిలబడినప్పుడు ఎత్తు, లావు, ఆకారం తేడా కనబడాలి. ఛోటా భీమ్‌ పక్కన లావుపాటి కాలియా, ఒకే అచ్చులో పోసిన ఢోలూ భోలూ అందుకే గుర్తుండిపోతారు. రాజీవ్‌ చిలక 2001లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్‌గోల్డ్‌ సంస్థలో పుట్టిన ఛోటా భీమ్‌ 2008లో టీవీకి వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మైటీ లిటిల్‌ భీమ్‌లో సంభాషణలే లేవు. పాకే బిడ్డ ఒంటి భాషతోనే కథ నడిచింది, భాష తెలియని దేశాల పిల్లలూ చూశారు.

తోలుబొమ్మలాటను కూడా ఇక్కడే తలుచుకోవాలి. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెర మీద నీడ పడగానే జనం గుర్తుపట్టే పాత్రలు. తోలుబొమ్మకు మోచేయి, మణికట్టు, నడుము విడివిడిగా కత్తిరించి దారంతో కీళ్లు కడతారు. ఇవాళ టూడీ యానిమేషన్‌లో రిగ్గింగ్‌ అంటే ఇదే, చేతిని ఒక ముక్కగా, ముంజేతిని ఇంకో ముక్కగా గీసి కీలు దగ్గర తిప్పడం. జర్మనీలో లోటె రైనిగర్‌ నల్ల కాగితాలను ఇలాగే కత్తిరించి 1926లో ‘ప్రిన్స్‌ అహ్మద్‌ సాహసాలు’ అనే పూర్తి నిడివి సినిమా తీసింది. మనకు ఇంకా దగ్గర్లో ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కర్నూలు దాటి అనంతపురం వైపు వెళ్తే ఆ బొమ్మలు చేసే ఇళ్లు కనిపిస్తాయి. యానిమేషన్‌ చదవాలనుకునే నడిగడ్డ పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి.

బువ్వ పెడుతుందా

‘బొమ్మలు గీస్తే బువ్వ పెడతాయా’ అని ఇంట్లో అడిగితే పిల్లలు నొచ్చుకోకూడదు. కష్టం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది. జవాబు సూటిగానే చెప్పాలి. హైదరాబాద్‌లో యానిమేషన్‌, గేమింగ్‌, విజువల్‌ ఎఫెక్ట్స్‌ కంపెనీలు ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఈ రంగానికి ఇమేజ్‌ పాలసీ ప్రకటించింది. ‘బాహుబలి’ చిత్రీకరణకు ముందు విశ్వనాథ్‌ సుందరం లాంటి కాన్సెప్ట్‌ ఆర్టిస్టులు బొమ్మలు గీసిపెట్టారు. పాఠ్యపుస్తకాలు, పిల్లల పుస్తకాలు, ప్రకటనలు, మొబైల్‌ గేమ్‌లు అన్నిటికీ బొమ్మలు గీసేవాళ్లు కావాలి. కానీ తొలి ఉద్యోగం జీతం తక్కువ, గడువులు బిగువు. ఇదీ దాచకుండా చెప్పాలి.

చదువు దారి కూడా ఉంది. పదో తరగతి పిల్లలు డ్రాయింగ్‌ లోయర్‌ గ్రేడ్‌, ఆ తర్వాత హయ్యర్‌ గ్రేడ్‌ పరీక్షల గురించి వాకబు చేయాలి. ప్రభుత్వ పరీక్షల విభాగమే వాటిని నిర్వహిస్తుంది. ఇంటర్‌ తర్వాత హైదరాబాద్‌ జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. అప్లైడ్‌ ఆర్ట్‌, పెయింటింగ్‌, శిల్పం, యానిమేషన్‌ అక్కడ చదవొచ్చు. ఆ ఫైన్‌ ఆర్ట్స్‌ కాలేజీ 1940 నాటిది. డిజైన్‌ చదవాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్‌, నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ (ఎన్‌ఐడీ) ప్రవేశ పరీక్ష ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్‌ఐడీ ఉంది. శిల్పం, చిత్రలేఖనం నేర్పే తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో నడుస్తోంది. ఆయన పుట్టింది నడిగడ్డలోని బోరవెల్లిలోనే.

లక్షలు కట్టించుకుని ఆరు నెలల్లో సాఫ్ట్‌వేర్‌ మీటలు నేర్పి పంపే కోర్సుల విషయంలో జాగ్రత్త అవసరం. మీటలు నెలలో వస్తాయి. గీత రాకపోతే ఆ మీటలకు చేసే పని ఉండదు. ఒక మాట అడిగితే మంచీచెడూ తెలిసిపోతుంది. ‘మీ దగ్గర మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తారా?’ గీయించని చోట డబ్బు కట్టొద్దు.

మాటలు టైప్‌ చేస్తే బొమ్మ తయారుచేసిచ్చే కృత్రిమ మేధ వచ్చాక పిల్లల్లో కొత్త దిగులు మొదలైంది. ఆ దిగులు న్యాయమైనదే, చిల్లర పనులు కొన్ని పోతున్నాయి. అయితే నడిగడ్డ మనిషిని గీయమని అడిగితే అది ఎక్కడెక్కడి మనుషుల్నో కలిపి ఒక తలపాగా చుట్టి ఇస్తుంది. తలపాగా ఏ ఊళ్లో ఎలా చుడతారో దగ్గరుండి చూసిన కన్ను ఆ తప్పు పట్టుకుంటుంది. ఆ కన్ను ఉన్నవాళ్లకే ముందు ముందు పని.

అందుకే పోర్ట్‌ఫోలియో గురించి చివరిగా ఒక విన్నపం. ఇంటర్వ్యూల్లో కూర్చునేవాళ్లకు జపాన్‌ కామిక్‌ వీరుల నకళ్లు వందల్లో వస్తాయి. నకలు చేయడం సాధనకు మంచిదే, దాన్ని ఇంట్లో ఉంచుకోండి. చూపించడానికి మీ ఊరి నుంచి ఒక పాత్రను తయారుచేయండి. సీడ్‌ పత్తి చేలో క్రాసింగ్‌ చేసే పిల్ల, ఉదాహరణకు. ఈ పనికోసం బడి మానేసిన ఆడపిల్లల గురించి ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నా, కథల్లో బొమ్మల్లో ఆ పిల్ల దాదాపు కనిపించదు. మధ్యాహ్నం దాటాక మొగ్గను బొటనవేలి గోరుతో గిల్లి పుప్పొడి కేసరాలు తీసేస్తుంది. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దుతుంది. అంటే ఆ పాత్రలో అన్నిటికన్నా ముందు గీయాల్సింది కుడిచేయి. గోరు ఎంత పెరిగింది, దాని కింద మరక ఏ రంగు? మొక్క నడుమెత్తు ఉంటే వీపు ఎంత వంగుతుంది, పని ఆగాక ఎంతసేపటికి నిటారవుతుంది? నెత్తిన కట్టిన గుడ్డ ఎవరి పాత చీర ముక్క? పూలు ఎక్కడ పెట్టుకుంటుంది, ఒడిలోనా, మెడకు వేలాడే సంచిలోనా? కోపం వస్తే ఆ పిల్ల మొహం ఎలా మారుతుంది, నవ్వితే ఎలా ఉంటుంది, మేస్త్రీ దగ్గరికొస్తే ఏం చేస్తుంది? ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీయండి. ఆరు హావభావాలు వేయండి. పక్క చేలో నిలబడి చూసి, అవసరమైతే ఆ పిల్లనే అడిగి, తప్పులు దిద్దుకోండి. అప్పుడు రంగులు వేసి మొదటి పేజీలో పెట్టండి.